డబ్బాలో రంగు, గోడ మీద రంగు

రంగుల దుకాణంలో అందరూ ఆమెను ‘అడిగొస్తా’ అనే పిలుస్తారు. గోడ రంగులు కలిపే మెషీన్ ఆమె చేతిలోనే ఉంది, పనీ బాగానే వచ్చు. కానీ ఎవరేం అడిగినా "ఒక్క నిమిషమండీ, లోపల అడిగొస్తా" అంటుంది. వెనకటి మేనేజర్ ఓసారి రంగు తేడా వచ్చిందని, కొనేవాళ్ల ముందే ఆమెను కడిగిపారేశాడు. అప్పట్నుంచి కౌంటర్ దగ్గర ఆమెకు నోరు పెగలదు. నిలబడి నిలబడి విసుగొచ్చిన వాళ్లు పక్క షాపుకి పోతుంటారు.

కొత్త మేనేజరమ్మ వచ్చిన వారంలోనే ఒకావిడ గోడ పెచ్చు పట్టుకొచ్చి, ఊడిన చోట వేయడానికి అచ్చం ఇదే రంగు కావాలంది. కలిపాక డబ్బాలోకి తొంగిచూసి, "ఇదేంటి, పాలిపోయినట్టుంది?" అంది.

‘అడిగొస్తా’ లోపలికి పరిగెత్తింది.

"నువ్వేమంటావ్?" అంది మేనేజరమ్మ.

"ఆరితే ముదురుతుంది మేడం. సరిపోతుందనే అనుకుంటున్నా."

"ఆ మాటే వెళ్లి చెప్పు."

"తేడా వస్తే?"

"నేను లేనూ? తిట్లు తినడానికే కదా నాకు జీతం ఎక్కువ."

చెప్పింది. ఆవిడ నమ్మి తీసుకెళ్లింది. మర్నాడు మళ్లీ వచ్చింది.

"మా గోడకి బొల్లి వచ్చినట్టుంది. మా ఆయన పొద్దున్నుంచి నవ్వుతూనే ఉన్నాడు."

మేనేజరమ్మ బయటికి రావడం చూసి, ఇక తనను మెషీన్ ముట్టనివ్వరనుకుంది ‘అడిగొస్తా’. మేనేజరమ్మ వచ్చి ఆమె పక్కన నిలబడింది.

"అలా చెప్పమన్నది నేనేనండీ. తప్పు మాది. ఇంకో డబ్బా ఊరికే ఇస్తాం, ఈ అమ్మాయే కలుపుతుంది."

"మళ్లీ ఈ అమ్మాయేనా?"

"ఎక్కడ పొరబడిందో తనకే కదా తెలిసేది."

‘అడిగొస్తా’ పెచ్చును వాకిట్లోకి తీసుకెళ్లి ఎండలో తిప్పి చూసింది. నిన్న ట్యూబ్‌లైట్ కింద చూసి కలిపింది; ఎండలో రంగు ఇంకాస్త ముదురుగా ఉంది. మళ్లీ కలిపి మూత బిగించి, "పదండి, నేనూ వస్తా. ఓ మూల వేసి, ఆరాక చూసి మిగతాది వేయిద్దాం" అంది. లోపలికి చూడకుండానే బయల్దేరింది. మేనేజరమ్మ కౌంటర్‌లో కూర్చుంది.

ఆవిడ ఇంట్లో ఓ మూల రంగేసి, ఫ్యాన్ అటు తిప్పి, ఇద్దరూ గోడకెదురుగా కూర్చున్నారు. ఆరింది.

"కలిసిపోయిందమ్మా" అంది ఆవిడ.

"లేదండీ, పిసరంత ముదురైంది. ఇంకోసారి కలిపి తెస్తా."

"నాకేం కనపడట్లేదే."

"పొద్దున ఎండ పడితే కనపడుతుంది. అప్పుడు తిట్లు నాకే."

ఆవిడ నవ్వింది. "సరే, వెళ్లిరా. అన్నట్టు పడగ్గదికి ఏ రంగేస్తే బాగుంటుందంటావ్?"

"గది చూపించండి, చెప్తా" అంటూ ఆమె లేచింది.