ఎదురుగాలికి కేక

నా చిన్నప్పుడు, సిరుగుప్ప పక్కన మా పల్లెకు కాలువ నీళ్లు కొత్తగా వచ్చిన రోజులవి. పిల్లకాలువలో నీళ్లకు ఒక్కొక్కరికీ వంతు ఉండేది. వంతు రాగానే ఇంటి పెద్ద వచ్చి గట్టు తవ్వి, నీళ్లు మడిలోకి మళ్లేలా మడవ తీసుకోవాలి. రాకపోతే నీళ్లు తర్వాతివాళ్లవి. ఒకరి మడవ మీద ఇంకొకరు పార వేయరు. వేస్తే తగాదాలే.

ఆ ఆషాఢంలో మా వరినారు పసుపుపచ్చగా వాడిపోయింది. మా నాయిన నన్ను మడవ దగ్గర కూర్చోబెట్టి, నీళ్లు రాగానే అక్కణ్ణుంచి కదలకుండా పిలవమని చెప్పి, పడమటి చేలో మడక దున్నడానికి వెళ్లాడు.

నీళ్లు రానే వచ్చాయి. "నాయినా!" అని అరిచాను. ఆయన తల తిప్పలేదు. ఆయన ఎద్దులను అదిలించే మాట మాత్రం నా చెవి పక్కనే అన్నట్టు వినిపిస్తోంది! ఎంత అరిచినా అంతే. నాకు ఏడుపొచ్చింది.

మా తర్వాతి వంతు పక్కమడి అక్కది. పార పట్టుకుని అక్కడే నిలబడి ఉంది.

"ఏం పాపా, గొంతు పగలగొట్టుకుంటాండావు?"

"మా నాయినకు చెవుడొచ్చిందక్కా! ఆయన మాట నాకు వినపడ్తాది, నాది ఆయనకు వినపడదు."

అక్క పకపకా నవ్వింది. వంగి, కొంగు చివర నేల దగ్గర పట్టింది. అది ఊరికే ఊగింది. నన్ను పక్కనే ఉన్న కాలువ గట్టెక్కించి, తనూ ఎక్కి, కొంగును చెయ్యెత్తి పట్టింది. ఈసారి అది పటపటా కొట్టుకుంది.

"చూసినావా? కింద గాలి మెల్లగా, పైన జోరుగా ఉండాది. ఎదురుగాలికి అరిస్తే కేక పైకి లేచి మీ నాయిన నెత్తి మీంచి పోతాది. ఈడి నుంచి అరువు, అది లేచేలోగా ఆయప్పను తాకుతాది. మా పుట్టినూర్లో ఏరు దాటించే పుట్టి నడిపేటోడు అవతలుంటే బండరాయెక్కే పిలుస్తాం. బేగ, బేగ!"

అరిచాను. నాయిన మడక ఆపి తలెత్తాడు. పరుగున వచ్చి మడవ తీశాడు. నారుమడి పగుళ్లు గుటగుటా తాగాయి.

అప్పుడు చూశాను, అక్క నారు కూడా పసుపే.

"నువ్వు ఊరకుండింటే నీళ్లు నీకే గదక్కా?"

"వినపడనోళ్ల వంతు నాకెందుకే?" అని, తన వంతు కోసం పార పక్కన పెట్టి గట్టు మీద కూర్చుంది.

ఇప్పటికీ బయట ఉన్న ఇంటివాళ్లెవరైనా పిలిస్తే పలకకపోతే, "చెవుడా?" అన్న మాట నోటిదాకా వస్తుంది. మింగేసి, కొంగు ఎటు ఎగురుతోందో చూసుకుని, అరుగెక్కి మళ్లీ పిలుస్తాను.