డానీ పాట ఉన్న టేపు

2017. అమెరికాలో, న్యూజెర్సీలోని ఐసెలిన్‌లో ఓక్ ట్రీ రోడ్డు మీద ఒక చీరల షాపు పైన నాకు చిన్న గది ఉండేది. మనవాళ్ల పెళ్లి క్యాసెట్లు, చర్చి పాటల టేపులు కంప్యూటర్‌లోకి ఎక్కించి ఇవ్వడం నా పని. ఒక రోజు ఆ మెట్లెక్కి రిక్ వచ్చాడు. అరవై దాటినా జుట్టు భుజాల దాకా ఉంది. చేతిలో పెద్ద రీల్ టేపు.

రిక్ ఎనభైల్లో ఒక గ్లామ్ మెటల్ బ్యాండ్‌లో గాయకుడు. అంటే లిప్‌స్టిక్, హెయిర్‌స్ప్రే, బిగుతు ప్యాంట్లు, చెవులు చిల్లులు పడే గిటార్. జెర్సీ బార్లలో మొదలుపెట్టి, ఒక్క పాట హిట్టవడంతో బస్సేసుకుని దేశమంతా తిరిగారట. తాగుడూ అంతే జోరు. ఆల్బమ్ అట్ట మీద ఎవరి బొమ్మ పెద్దదన్న దగ్గర గొడవ మొదలై, రిక్, గిటారిస్టు డానీ స్టేజీ మీదే కొట్టుకున్నారు. ఆ కోపంలో డానీ రాసిన పాటను రిక్ ఆల్బమ్‌లోంచి తీయించేశాడు. డానీ వెళ్లిపోయాడు. ఫ్యాషన్ మారింది, బ్యాండును జనం మరిచిపోయారు. ఇప్పుడు డానీ చివరి రోజుల రోగులుండే హాస్పిస్‌లో ఉన్నాడు. ఆ పాట వినిపించి క్షమాపణ అడగాలని రిక్ ఆశ. ఉన్న కాపీ ఇదొక్కటే.

ఆ కాలం టేపుల్లో, పాట రికార్డయిన పొరను పట్టి ఉంచే జిగురు తేమ పీల్చుకుని అంటుకుపోతుంది; అలాగే ప్లే చేస్తే పొర ఊడి వచ్చేస్తుంది. ప్లే చేసే ముందు తక్కువ వేడిలో ఎనిమిది గంటలు ఆరబెట్టాలి. దాన్ని బేకింగ్ అంటాం. నేను వాడేది మా ఆవిడ వడియాల కోసం కొన్న డీహైడ్రేటరే.

"రేపు సాయంత్రానికి ఇస్తాను," అన్నాను.

"రేపటికి డానీ ఉంటాడో లేదో. ఇప్పుడే ప్లే చెయ్యి, ప్లీజ్," అన్నాడు రిక్.

పక్క బల్ల దగ్గర క్యాసెట్లకి లేబుళ్లు అంటిస్తున్న మా ఆవిడ నన్ను పక్కకి పిలిచింది. "ఏవండీ, బేక్ చెయ్యకుండా ప్లే చెయ్యొద్దని అందరికీ మీరే క్లాస్ పీకుతారుగా?"

"పాపం, ఆయన్ని చూడు," అన్నాను. నిజానికి జాలి ఒక్కటే కాదు. అలాంటి బ్యాండ్ టేపు నా మెషిన్ మీద మోగాలన్న సరదా కూడా ఉంది.

అర నిమిషం గిటార్ అద్భుతంగా పలికింది. రిక్ ఏడ్చేశాడు. అంతలో కీచుమని చప్పుడు. అప్పుడే ఆపేయాల్సింది. "ఇంకొక్క నిమిషం, డానీ సోలో వస్తుంది," అన్నాడు రిక్. నేను ఆపలేదు. చూస్తుండగానే టేపు మీది పొర గోధుమరంగు పొడిగా ఊడి మెషిన్ నిండా పడింది. పాట పోయింది. కంప్యూటర్‌లోకి ఎక్కిన ఆ అర నిమిషమే రిక్ పట్టుకెళ్లాడు.

రెండు వారాల తర్వాత ఫోన్ చేశాడు. "డానీ నిన్న పోయాడు. ఆ రోజు నేను తీసుకెళ్లిన అర నిమిషం పాట విని, 'మిగతాది ఏదీ?' అని అడిగాడు. ముప్పై ఏళ్లు వాడితో మాట్లాడకుండా ఉండగలిగాను. ఒక్క రోజు ఆగలేకపోయాను."

"తప్పు మీది కాదు, నాది," అన్నాను. ఆ మాట ఆయన్ని ఓదార్చడానికి అనలేదు. తొందరపడే హక్కు కస్టమర్‌కి ఉంది. నాకు లేదు.