బండి నీళ్లు

ఎప్పుడో సైన్యంలో తిరిగిన పాత ట్రక్కును మా ఆయన కిందటి నెల వేలంలో కొన్నాడు. ఈ రోజు దాంట్లోనే సిరిసిల్ల నుంచి కోరుట్లకు, మా అమ్మగారింటికి బయలుదేరాం. దారంతా ఆయన చూపు సగం రోడ్డు మీద, సగం ఇంజిన్ వేడి చూపించే ముల్లు మీద. నేను కట్టుకున్న కొత్త చీర మీద అసలే లేదు.

"ఎనభై అయిదు దాటలే, సూడు! గింత ఎండల గూడ నార్మలే!" అని మురిసిపోయాడు.

"నాకు దూపైతాంది" అంటూ సీటు వెనకున్న నీళ్ల క్యాను అందుకున్నాను.

"ఆగాగు, ముట్టకు! గా నీళ్లు బండియి!"

మేడిపల్లి దాటాక ముల్లు కొంచెం పైకి జరిగింది. అంతే, కంగారుగా బండిని వేపచెట్టు కింద ఆపి, బానెట్ ఎత్తి, భుజం మీది తువాలతో విసరడం మొదలుపెట్టాడు. నాకు జ్వరమొస్తే ఏనాడూ నుదురు ముట్టి చూడని మనిషి! ఉన్న కాస్త నీడా బండికే సరిపోయింది. నేను ఎండలో నిలబడ్డాను.

నా సవతి నాకంటే పాతికేళ్లు పెద్దది, బరువు మూడు టన్నులు. మీ ఇంట్లో ఉన్నదాని సంగతేమిటో కాస్త చెప్పండి, అక్కలారా.