కరెంటు పోయినప్పుడు పనిమనిషి ఎక్కడుంది?

ఆవిడ చేతిలో చచ్చినవాళ్లందరినీ వరసగా నిలబెడితే మా వీధి చాలదు. అపరాధ నవలలు రాసేవాళ్లు బోలెడుమంది ఉంటారు గానీ, పోపు మాడకుండా ఓ చేత్తో హత్య నడిపించే మనిషి ఈవిడొక్కతే. పిల్లా పెద్దా అందరూ ‘హత్యల అత్తయ్య’ అనేవాళ్లు. ఆ పేరంటే లోలోపల మహా మురిపెం. పైకి మాత్రం చీపురు తీసేది.

ఏ హత్యనైనా రాసేముందు ఇంట్లో చేసి చూసుకోవడం ఆవిడ పద్ధతి. శవం వేషం మామయ్యది. పెళ్లయిన దగ్గర్నుంచీ ఆయన కత్తిపోటుకీ, విషానికీ, మెట్ల మీంచి జారీ చస్తూనే ఉన్నారు. “ఈ చావేదో అన్నం తిన్నాక చస్తానే” అని బతిమాలినా వినేది కాదు. శవం తుమ్మితే తిట్లు అదనం. ఇంత కష్టపడి చంపుతుంది కాబట్టే ఆవిడ కథలో సూది దూరే సందు కూడా ఉండదని పాఠకుల నమ్మకం.

ఇంకో పట్టుదల కూడా ఉంది. ఆవిడ రాసిన ఏ నవల్లోనూ పనిమనిషి హంతకురాలు కాదు. ఆవిడ తల్లి నాలుగిళ్లలో అంట్లు తోమి పిల్లను పెంచింది. ఎవరింట్లో చెంచా కనబడకపోయినా ముందు ఆ తల్లి కొంగు దులిపించేవాళ్లు. ఆ చెంచా ఏ సొరుగులోనో దొరికేది. దొరికాక ‘తప్పయింది’ అన్న నోరు ఒక్కటీ లేదు. పక్కన నిలబడి అదంతా చూసిన పిల్లే పెరిగి పెద్దదై కలం పట్టింది.

అలాంటి మనిషి నవలను సినిమాకు తీసుకున్నారు. కరెంటు పోయినప్పుడు ఇంటి ఓనరు, మేడ మీద అద్దెకున్న ముసలాయన్ని చంపేసే కథ. డైరెక్టరు నెత్తి మీద టోపీ ఎప్పుడూ దిగదు కాబట్టి మేమందరం ఆయన్ని టోపీ అనేవాళ్లం. షూటింగు సగమయ్యాక టోపీ నవ్వుకుంటూ వంటింటి గుమ్మం దాకా వచ్చాడు.

“అత్తయ్యగారూ, చిన్న మార్పు. ఓనరు వేషం పెద్ద హీరోగారిది కదా. ఆయన హంతకుడంటే అభిమానులు థియేటర్లో కుర్చీలు పీకేస్తారట.”

“మరి చంపిందెవరు?”

“పనిమనిషి.”

గరిటె ఆగిపోయింది. “ఎందుకు చంపింది?”

“ఎందుకంటే... పేదది కదండీ.”

ఆవిడ మొహం చూసి, ఈసారి శవం తాను కాదేమోనని మామయ్య ఆశపడ్డారు.

“పేదదైతే చంపేస్తుందట్రా? మీ ఇంట్లో అంట్లు తోమే మనిషి నిన్నింకా చంపలేదుగా, వెళ్లి ఆవిడ ఓర్పుకు దండం పెట్టుకో!”

“హక్కులిచ్చేశారు కదండీ. కథ మీది, సినిమా నాది.”

“అయితే నా పేరు తీసెయ్.”

“పోస్టర్లు వేసేశాం. పెద్ద అక్షరాలు!”

ఆ తర్వాత ఆ ఇంట్లో పప్పు మాడని పూట లేదు. తలుపులు వేస్తుంటే వీధి వీధంతా ఉలిక్కిపడేది.

సినిమా పూర్తయ్యాక, విడుదలకు ముందు, టోపీ మొగుడూపెళ్లాలిద్దర్నీ ఎడిటింగ్ గదికి పిలిచాడు. “మీది డేగ కన్ను. ఎక్కడైనా బొక్కుంటే ఇప్పుడే చెప్పండి. కత్తిరించి సరిచేసుకుంటాం.”

తెర మీద పనిమనిషి కింద కుళాయి దగ్గర పక్కింటావిడతో కొట్లాడుతోంది. మధ్యలో కరెంటు పోయింది. చీకట్లో కూడా ఇద్దరూ ఒకరి జుట్టు ఒకరు వదల్లేదు. గదిలో అందరూ పడీపడీ నవ్వారు. అదే చీకట్లో మేడ మీంచి ముసలాయన చావుకేక వినబడింది. హంతకుణ్ని మార్చకముందు తీసిన సీను అది. నవ్వు బాగా పండిందని అలాగే ఉంచేసుకున్నారు. చివర్లో మాత్రం పనిమనిషి వెక్కివెక్కి ఏడుస్తూ ‘నేనే చంపాను’ అంది.

“ఏమేవ్,” అన్నారు మామయ్య చెవిలో, “కింద కొట్లాడుతున్న మనిషి పైన...”

తొడపాశంతో ఆయన నోరు మూతపడింది.

ఆవిడ చీర కొంగును పిడికిట్లో నలిపేస్తోంది. చెబితే కుళాయి సీను కత్తెరకు పోతుంది, ఆ పనిపిల్ల తప్పించుకోలేని హంతకురాలైపోతుంది. చెప్పకపోతే ఇన్నేళ్ల పరువు పెద్ద అక్షరాలతో సహా గంగలో కలుస్తుంది.

“ఏమంటారు, అత్తయ్యగారూ?”

“ఏముంది నాయనా, రాయిలా గట్టిగా ఉంది. ఇంక ముట్టుకోకు.”

బయటికొచ్చాక మామయ్య తొడ రుద్దుకుంటూ గొణిగారు. “జనం నీ మొహాన ఉమ్మేస్తారే.”

“నా మొహానే ఉమ్మనీయండి. దాని మొహాన కాదుగా!”

సినిమా వచ్చింది. ఆవిడ ప్రతి నవలనూ అందరికంటే ముందు చదివే కుట్టుమిషనావిడ, కూరల కొట్టు ముందు అత్తయ్య చెయ్యి పట్టుకుని ఆపేసింది.

“సిగ్గులేదూ నీకు? ఆ పిల్ల కింద కొట్లాడుతుంటే పైన చంపిందెవరు, దాని దయ్యమా? ఇన్ని పుస్తకాలు రాసి, ఈ మాత్రం కనబడలేదూ? పాపం, చేయని నేరం దాని నెత్తిన రుద్దారు కదే!”

కూరలు ఏరుకునేవాళ్లంతా తలలు తిప్పి చూశారు. అత్తయ్య మొహం కందగడ్డలా అయింది. నిజం నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది.

“ఆ చివరి మాట మళ్లీ అనవే,” అంది పళ్లు కొరుకుతూ. “ఈసారి గట్టిగా. అవతలి వీధికి కూడా వినబడాలి.”