నోళ్లు లేని బొమ్మలు గీసిన సారు

మా డ్రాయింగు సారు పోయారని మంగళవారం పొద్దున ఆయన కూతురు ఫోన్ చేసి చెప్పింది. ఆఫీసులో ఉన్నాను. "సరే" అన్నాను, అంతే. ఏడుపు రాలేదు. ఎవరో లోపలినుంచి తలుపు కొడుతున్న చప్పుడు మాత్రం వినిపించింది. ఆ చప్పుడు నాకు ఏడో తరగతి నుంచీ తెలుసు.

నాందేడ్‌లో మాది మరాఠీ బడి. నాన్నకు రైల్వేలో ఉద్యోగం, నిజామాబాద్ నుంచి బదిలీ మీద వచ్చాం. సారుది తెలంగాణ సరిహద్దు పక్కనున్న కర్ఖేలి. నాతో ఎప్పుడూ తెలుగులోనే మాట్లాడేవారు. రంగు సుద్దముక్కలు పాత చూర్ణం డబ్బాలో పెట్టుకునేవారు. చేతులు ప్యాంటు వెనకాల తుడుచుకునే అలవాటు, అందుకని ఆయన నడిచిపోతుంటే రెండు రంగు అరచేతి ముద్రలు కనిపించేవి. ప్రతి సోమవారం నల్లా పక్కనున్న బోర్డు మీద ఒక కార్టూన్ వేసేవారు. లావు పిల్లవాణ్ణి వెక్కిరించేవాళ్ల నాలుకలు పొడుగ్గా సాగి వాళ్ల కాళ్లకే చుట్టుకునేవి. మేం పగలబడి నవ్వేవాళ్లం. నవ్వి, క్లాసులోకి పోయి అదే పని చేసేవాళ్లం.

ఆ ఏడు కిన్వట్ అడవుల వైపున్న సర్ఖని నుంచి ఒక అమ్మాయి హాస్టల్లో ఉండి చదువుకోవడానికి వచ్చింది. నా బెంచీయే. ఆమె మాట తీరును ముగ్గురు అమ్మాయిలు రోజూ వెక్కిరించేవాళ్లు. "జంగ్లీ" అనేవాళ్లు. ఆమె సీసాలో నీళ్లు పారబోసేవాళ్లు. ఒకరోజు మధ్యాహ్నం ఆమె బాత్రూంలో ఉండగా బయటినుంచి గొళ్లెం పెట్టారు. పెడుతున్న చెయ్యిని నేను చూశాను. ఇంతలో గంట కొట్టారు, వెళ్లి క్లాసులో కూర్చున్నాను. లెక్కల పరీక్ష రాస్తుంటే వరండా చివరినుంచి చప్పుడు వస్తూనే ఉంది. ఎవరో పిల్లలు ఆడుకుంటున్నారనుకున్నారు టీచరు. కాసేపటికి ఆగిపోయింది. ఆగినందుకు నాకు హాయిగా అనిపించింది. ఇది ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పలేదు, మీకే చెబుతున్నాను.

సాయంత్రం ఊడ్చే ఆయమ్మ గొళ్లెం తీసింది. ఎవరు పెట్టారని అడిగితే ఒక్కరమూ పలకలేదు. ఆ అమ్మాయి మర్నాడే ఊరికి వెళ్లిపోయింది.

సోమవారం బోర్డు మీద ఒక మూసిన తలుపు. ఇవతల పదకొండుమంది పిల్లలు. అందరికీ చేటలంత చెవులు, ఎవరికీ నోరు లేదు. బోర్డు కింద దారానికి ఒక నిజం సుద్దముక్క వేలాడుతోంది. పిల్లల్లో ఒకరికి కళ్లద్దాలున్నాయి. మా క్లాసులో కళ్లద్దాలు నాకొక్కదానికే.

"సార్, అది నేనేనా?" అని అడిగాను.

"నేనైతె ఎవ్వరి పేరు రాయలే. నీకట్ల అనిపిస్తున్నదా?"

చెప్పేశాను, పేర్లతో సహా. సారు కోప్పడలేదు. "బొమ్మ అడుగుతది బిడ్డా, గంతే. తలుపు మనిషే తీయాలె" అంటూ పెద్దమేడం దగ్గరికి తీసుకెళ్లారు. నా పక్కనే నిలబడ్డారు కానీ, నా బదులు ఒక్క మాటా మాట్లాడలేదు. ఆ ముగ్గురి తల్లిదండ్రులనూ పిలిపించారు.

ఆదివారం సారు బస్సెక్కి సర్ఖని వెళ్లారు. ఒక్కరే తిరిగొచ్చారు.

"రానన్నది. కిన్వట్ బడిల చేర్పిస్తరట."

"నేనే చెప్పినని చెప్పిన్రా సార్?"

"చెప్పిన." చేతులు ప్యాంటుకు తుడుచుకున్నారు. "'అప్పుడే గొళ్లెం తీస్తే అయిపోతుండె గద సార్' అన్నది. తిట్టలే. ఉత్తగనే అడిగింది."

"ఇంకోపారి జెర జల్ది చెప్పు" అన్నారు, నా నెత్తిమీద చెయ్యి పెట్టి.

ఆ సోమవారం సారు బొమ్మ మార్చలేదు. వేలాడుతున్న సుద్దముక్కతో కళ్లద్దాల బొమ్మకు చిన్న నోరు గీశాను. శనివారానికి ఇంకో నలుగురికి నోళ్లొచ్చాయి. ఎవరు గీశారో తెలియదు. ఆ తర్వాత పిల్లలు ఒక్కొక్కరే డ్రాయింగు గదికి వెళ్లి చెప్పుకోవడం మొదలైంది. నేనూ పెద్దయ్యాక ఇలాంటివి చూసినప్పుడు చాలాసార్లు ఆలస్యం చేయకుండానే మాట్లాడాను. దేంతోనూ ఆ మధ్యాహ్నం మాత్రం సరికాలేదు.

కిందటి నెల సారును చూడ్డానికి వెళ్లాను. పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. నన్ను గుర్తుపట్టి ఏదో చెప్పబోయారు.

"దినాం ఏదో చెప్పాలని చూస్తున్నరమ్మా, మాకు సమజైతలేదు" అన్నారు ఆయన భార్య.

అర్థమైనట్టు తల ఊపాను. ఆయన కాదన్నట్టు తల తిప్పి, మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టారు. నుదుటి మీద చెమట పట్టింది. చూడలేకపోయాను. ఆఫీసుకు టైమైందని చెప్పి లేచాను.

గేటు వేస్తూ వెనక్కి చూశాను. కిటికీ చువ్వల వెనక, నేను లేచిన కుర్చీ వైపే చూస్తున్న ఆయన పెదవులు ఇంకా కదులుతున్నాయి.