రయ్యాన్ తోటలో నిమ్మచెట్లు

తొంభైల్లో నేను దోహా పక్కన అల్ రయ్యాన్‌లో ఒక పెద్దింటివాళ్ళ తోటకి సూపర్‌వైజర్‌ని. ఆ తోట మూడు తరాలది. తాత బావి తవ్వించి చుట్టూ ఖర్జూరాలు నాటించాడు. తండ్రి గాలికి అడ్డంగా రేగుచెట్ల వరస పెంచి, దాని చాటున పన్నెండు నిమ్మచెట్లు వేయించాడు. ఆ ముసలాయన ఇంకా ఉన్నాడు, రోజూ సాయంత్రం నిమ్మల కిందే కూర్చునేవాడు. కొడుకు వంతు వచ్చేసరికి వాటి చుట్టూ పచ్చిక కావాలన్నాడు. ఆ పని నా నెత్తిన పడింది.

నాది గోదావరి డెల్టా. పైగా అగ్రికల్చర్ డిగ్రీ ఉందన్న పొగరు. మా వైపు వరిచేలకు చేసినట్టే గట్లు వేయించి, మడి నిండా నీళ్ళు పెట్టమన్నాను. తోటమాలిది అనంతపురం వైపు పల్లె, వయసులో నాకంటే చాలా పెద్ద. పార పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

"వద్దు సార్. గుంత తవ్వినప్పుడు సూసినా, మూరెడు లోతుకే రాయి తగుల్తాది. నీళ్లు దిగవు. బావి నీళ్లు సూస్తే ఉప్పు. చెట్లు సస్తాయి."

"నీళ్ళు పెడితే చెట్లు చస్తాయా? నీకు తెలీదులే, పెట్టు," అన్నాను. నలుగురు పనివాళ్ళ ముందు అన్నాను.

పెట్టాడు. రెండు నెలలు పచ్చిక నవనవలాడింది. ఎండలు ముదిరాక మడుల్లో తెల్లగా ఉప్పు పేరుకుంది. నిమ్మాకుల అంచులు మాడి, ఆకులు రాలిపోయాయి. ముసలాయన తోటలోకి రావడం మానేశాడు.

నీళ్ళు పెట్టిందెవరని కొడుకు నన్ను ఇంగ్లీషులో అడిగాడు. నేను తోటమాలి వైపు చూపించాను. అబద్ధం కాదు కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఉద్యోగం పోతుందని భయం, అంతే. ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గేస్తుంది. ఇంగ్లీషు రాని ఆ మనిషి, నేను తన గురించి మంచి చెబుతున్నాననుకుని తలూపాడు.

మూడో రోజు తోటమాలి వీసా క్యాన్సిల్ చేసి టికెట్ చేతిలో పెట్టారు.

"నేనేం తప్పు జేసినా సార్? మీరన్నా ఒక మాట సెప్పండి."

"తోటలో మనుషుల్ని తగ్గిస్తున్నారు," అన్నాను.

నమ్మాడు. పెట్టె కారులో పెట్టి మళ్ళీ నా దగ్గరికొచ్చాడు. "ఆ గట్లు తెంపేయండి సార్. తెల్ల పొర గీకి పారేసి, రాయి పగలగొట్టి కాలవ తీయించండి. కొన్నన్నా బతుకుతాయి."

ఆయన చెప్పినట్టే చేయించాను. చలికాలానికి ఐదు చెట్లు చిగిర్చాయి. ఒకరోజు ఇంటికి చుట్టాలొస్తే, కొడుకు నన్ను పిలిచి భుజం మీద చెయ్యేసి, నాన్న చెట్లను బతికించింది ఇతనేనని వాళ్ళకు చెప్పాడు.

షుక్రన్ అని అరబ్బీలో థాంక్స్ చెప్పాను.