అన్న గొంతులో ఆగిన ముద్ద

పోయిన వారం మైపాడు బస్సులో నా పక్కన కూర్చున్న కాలేజీ పిల్ల, తను కౌన్సెలింగ్‌కు వెళ్తున్నానని ఫోనులో ఎవరికో మామూలు గొంతుతోనే చెప్పింది. చుట్టూ ఎవరూ తల తిప్పి చూడలేదు. నాకు మాత్రం, పన్నెండేళ్ల కిందట ఇదే బస్సులో మా పెద్దన్నను నెల్లూరికి తీసుకెళ్తూ, అడిగినవాళ్లందరికీ పంటి డాక్టరు దగ్గరికని బొంకిన రోజులు కళ్ల ముందు కదిలాయి.

అంతకు ఏడాది ముందు, చేపల వేటకు వెళ్లిన మా అన్నదమ్ములిద్దరి పడవ అలల్లో తిరగబడింది. అన్న ఒడ్డుకు చేరాడు. తమ్ముడు ఆయన చేతిలోంచి జారిపోయాడు. కర్మలన్నీ ఒక్క కన్నీటిచుక్క రాల్చకుండా జరిపించిన అన్నకు, కొన్నాళ్లకు అన్నం ముద్ద గొంతు దిగడం మానేసింది. పరీక్షల్లో అన్నీ బాగున్నాయనే తేలింది గానీ, మనిషి గంజినీళ్లతో చిక్కిపోయాడు. చివరికి ఆసుపత్రివాళ్లే మనసుకు వైద్యం చేసే డాక్టరమ్మ దగ్గరికి పంపారు. పిచ్చి అని ముద్ర వేస్తారేమోనని భయపడి, నేను పక్కన కూర్చుంటేనే లోపలికి వస్తానని అన్న పట్టుబట్టాడు.

ఆవిడ మందులివ్వలేదు, వారానికొకసారి చొప్పున పది పన్నెండుసార్లు రమ్మంది. అన్న పడవ సంగతి చిన్నగా నవ్వుతూ చెప్పుకుపోతుంటే, ఆ నవ్వు దగ్గరే ఆపి, ఇప్పుడు లోపల ఏమనిపిస్తోందని మెల్లగా అడిగేది. "ఏం లేదమ్మా" అనేవాడు గానీ, పిడికిలి మాత్రం బిగుసుకుపోయి ఉండేది. నాలుగు వారాలు అలాగే గడిచేసరికి, వెంకటాచలం ఊరి బడిలో పంతులమ్మగా నాకున్న సెలవులన్నీ అయిపోయి, నాకే విసుగు పుట్టింది.

ఐదోసారి ఆవిడ, తమ్ముడు ఎదురుగా ఉన్నాడనుకుని ఆ పిడికిలిలో ఉన్నదేదో చెప్పమంది. అన్న ఒక్కసారిగా అరిచాడు. "గాలి బాగలేదు, రావద్దంటే ఎందుకొచ్చినావురా! నా మాటెందుకు వినలేదు?"

పోయినవాడి మీద కోపం ఉండవచ్చునని మా ఇంట్లో ఎవరికీ తోచలేదు, ఆయనకే తోచలేదు. ఆ కోపం కింద, తనే చెయ్యి వదిలేశానన్న బాధ ఉంది. అది కూడా మాటల్లోకి వచ్చాక, "గట్టిగానే పట్టుకున్నా గదరా నాయనా" అంటూ వెక్కి వెక్కి ఏడ్చాడు. నేను కొంగుతో తుడవబోతే డాక్టరమ్మ వారించింది. "ఉండండమ్మా, ఆయన్ను ఏడవనివ్వండి."

ఆ రోజు బస్టాండు దగ్గర హోటల్లో రెండిడ్లీలు తిన్నాడు. తక్కిన వారాల్లో మెల్లమెల్లగా అన్నమూ దిగింది. అయితే నా గర్వమంతా ఆ తరువాతి సంగతి గురించే. వలలు బాగుచేసుకునే చోట పదిమంది మగవాళ్ల మధ్య కూర్చుని, తను డాక్టరమ్మ ముందు ఏడ్చి బాగుపడ్డానని దాచకుండా చెప్పినవాడు మా అన్న. సముద్రంలో తోటివాళ్లను పోగొట్టుకుని లోలోపలే కుమిలిపోతున్న ఇద్దరిని తనే బస్సెక్కించి ఆవిడ దగ్గరికి తీసుకెళ్లాడు.

ఇప్పటి పిల్లలు నొప్పిని నొప్పి అనే చెప్పగలుగుతున్నారు. మన కాలంలో మాత్రం ఏడుస్తున్నవాళ్ల వీపు నిమిరి "ఊరుకో" అనడమే ప్రేమ అనుకున్నాం. బడిలో ఉన్నన్నాళ్లూ కన్నీళ్లతో వచ్చిన ప్రతి బిడ్డకూ నేను ఆ మాటే చెప్పాను. వాళ్లలో ఎందరు నిజంగానే ఊరుకుండిపోయారో, ఇప్పుడు అడుగుదామన్నా ఎవరెక్కడున్నారో తెలియదు.